జాన్సన్‌విల్‌లో బ్రెడ్ బుట్ట

ఒంటరిగా హోటలుకెళ్ళి తినే ఆడదాని గురించి మా గుంటూరులో ఏమనుకుంటారో తెలుసు కాబట్టి, నా శుక్రవారాల సంగతి అమ్మకి చాలాకాలం చెప్పలేదు. ఫోన్‌లో "ఏం వండుకున్నావు?" అని అడిగితే, నాలుగు రోజుల కిందటి పప్పుచారు ఇవాళ్టిదే అన్నట్టు చెప్పేదాన్ని. పప్పుచారు అబద్ధం కాదు, తేదీ ఒక్కటే అబద్ధం.

అది రెండువేల నాలుగు. నాకు ముప్ఫై నాలుగేళ్ళు. విడాకులై రెండేళ్ళు. న్యూజిలాండ్ రాజధాని వెల్లింగ్టన్‌లో ఒక ఆఫీసులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేదాన్ని. ఊరికి ఉత్తరాన జాన్సన్‌విల్‌లో, ఒక చెక్క ఇంటి కింది భాగంలో ఉన్న ఫ్లాట్‌లో ఒక్కదాన్నే ఉండేదాన్ని. గాలి వీస్తే ఇల్లంతా మూలిగేది. గాలి వీయని రోజులు ఆ ఊళ్ళో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

జాన్సన్‌విల్‌లో మనవాళ్ళు లేక కాదు. అప్పటికే పది పదిహేను తెలుగు కుటుంబాలు ఉండేవి, మంచివాళ్ళు. వచ్చిన రెండో వారమే ఒకరు శనివారం భోజనానికి పిలిచారు. గుత్తివంకాయ, పులిహోర, రెండు రకాల పచ్చళ్ళు. ముద్ద నోట్లో పెట్టుకున్నానో లేదో, ఆ ఇంటి ఆంటీ నా పక్కన కూర్చుని అడిగారు.

"మీవారు ఎప్పుడొస్తున్నారమ్మా?"

"రారండీ."

"వీసా ప్రాబ్లమా? మా తమ్ముడికి కూడా అంతే, ఎనిమిది నెలలు పట్టింది. మంచి లాయరున్నాడు, నంబర్ ఇవ్వనా?"

"ఇవ్వండి" అన్నాను. ఏం చేయమంటారు, నోట్లో గుత్తివంకాయ ఉంది. ఇంకో శనివారం ఇంకో ఇంట్లో ఇంకో ఆంటీ ఇంకో లాయరు నంబర్ ఇచ్చారు. మూడో ఇంటినుంచి పిలుపొచ్చేసరికి నాకు జ్వరం వచ్చింది. నాలుగో పిలుపుకి ఆఫీసులో పని పడింది. అలా ఆ జ్వరాలతో, ఆ పనులతో నా శనివారాలు ఖాళీ అయ్యాయి. నిజం చెప్పేస్తే పోయేది కదా అని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు మాత్రం ఆ ఒక్కమాట నోట్లోంచి రావడానికి ప్రాణం పోయేంత పని.

ఆ ఖాళీలోకే ఇటాలియన్ రెస్టారెంట్ వచ్చింది. స్టేషన్ నుంచి మా ఫ్లాట్‌కి వెళ్ళే దారిలో, ఒక గుజరాతీ ఆయన నడిపే డెయిరీ పక్కన ఉండేది. డెయిరీ అంటే పాలకేంద్రం అనుకునేరు. పాలు, పేపర్లు, ఫోన్ కార్డులు అమ్మే చిల్లర కొట్టుని అక్కడ అలా అంటారు. రెస్టారెంట్‌లో మొత్తం ఎనిమిది టేబుళ్ళు. ఒక శుక్రవారం సాయంత్రం రైలు దిగాక వాన పట్టుకుంది, తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాను. వెళ్ళగానే నేను చేసిన మొదటి పని ఫ్యామిలీ రూమ్ ఎక్కడుందా అని వెతకడం. మా ఊళ్ళో ఆడవాళ్ళు హోటలుకి వెళితే కర్టెన్ వెనక కూర్చునేవాళ్ళు. ఇక్కడ కర్టెన్ వెనక కోటులు తగిలించి ఉన్నాయి. కిటికీ పక్కన ఇద్దరు కూర్చునే చిన్న టేబుల్ ఉంటే, గోడవైపు తిరిగి కూర్చున్నాను.

ఆ రెస్టారెంట్ ఆవిడకి అరవై ఐదు దాటి ఉంటాయి. పొట్టిగా, గట్టిగా, నల్ల స్వెట్టర్ వేసుకుని ఉండేది. వంటగదిలో ఎవరో వంటాయన ఉండేవాడు, ఆయన గొంతు వినడమే కానీ మనిషిని చూడలేదు. వడ్డించడం, డబ్బు తీసుకోవడం, తలుపు దగ్గర నిలబడి వానని తిట్టడం అన్నీ ఆవిడే. ఏం తినాలో తెలియక, గొడ్డుమాంసం లేనిది ఏదైనా ఇవ్వమన్నాను. వంకాయ పలకలు వేయించి, టమాటా గుజ్జు, చీజు పొరలు పొరలుగా పేర్చి ఓవెన్‌లో పెట్టి తెచ్చింది. వంకాయ కనిపించేసరికి నాకు కళ్ళు చెమర్చాయి. వంకాయని చూసి ఏడ్చానని ఎవరితో చెప్పుకుంటాం.

తినడం అయ్యాక ఒక తప్పు చేశాను. మనకి పెరుగుతో ముగించకపోతే అది భోజనం కాదు, ఫలహారం. ఆవిడ "ఇంకేమైనా కావాలా?" అని అడిగితే, ఆలోచించకుండా "కొంచెం పెరుగు ఉందా, తీపి లేనిది" అన్నాను. ఆవిడ ప్లేటు తీయబోయి ఆగింది.

"పెరుగా? ఇప్పుడా? పొద్దున కదా తింటారు?"

"మేము చివర తింటాం."

"దేంతో?"

"అన్నంతో. లేకపోతే ఉత్తదే."

లేదంది. వెళ్ళిపోతుంటే తలుపు దాకా వచ్చి, ఇంకా నమ్మకం కుదరనట్టు "పెరుగు" అని తనలో తను అనుకుని తల ఊపింది. బయట వాన తగ్గింది.

ఆవిడ దగ్గరికి ప్రతి శుక్రవారం ఎందుకు వెళ్ళానో చెప్పాలంటే మొహమాటం గురించి చెప్పాలి. మనలో పెరిగిన ఆడపిల్లకి చదువుకంటే ముందు నేర్పే విద్య అది. ఎవరింట్లోనైనా మొదటిసారి పెడతామంటే వద్దనాలి. రెండోసారి అంటే నవ్వి వద్దనాలి. మూడోసారి చెయ్యి అడ్డం పెట్టాలి, అదీ వేళ్ళ మధ్య సందు ఉండేలా. ఆ సందులోంచి పడిందే మర్యాదగా తిన్న తిండి. పెట్టేవాళ్ళకీ ఈ లెక్క తెలుసు. తెలియనివాళ్ళు మనలో ఉండరు.

న్యూజిలాండ్‌లో ఉన్నారు. ఆఫీసులో మొదటి వారం ఒకామె టీ కావాలా అని అడిగింది. వద్దన్నాను. "సరే" అని వెళ్ళి తను తెచ్చుకుంది. నేను కంప్యూటర్ వంక చూస్తూ రెండో అడుగు కోసం ఎదురుచూశాను. ఎవరిదో పుట్టినరోజు కేకు నా దాకా వచ్చి, నేను వద్దనగానే పక్క టేబుల్‌కి పోయింది. చాక్లెట్ కేకు. వాళ్ళ తప్పేం లేదు. వద్దంటే వద్దని నమ్మడం వాళ్ళ మర్యాద. నా మాటని నా మాటగానే తీసుకునే మనుషుల మధ్య మొదటిసారి పడ్డాను, దానివల్ల ఆకలితో మాడాను. రెండు నెలలకి బుద్ధొచ్చింది. ఎవరేమడిగినా ముందు "యెస్" అనడం నేర్చుకున్నాను. అక్కర్లేని కాఫీలు కూడా తాగాను.

రెండో శుక్రవారం ఇటాలియన్ ఆవిడ బ్రెడ్ బుట్ట పట్టుకుని వచ్చి కావాలా అని అడిగింది. ఆవిడ మొహంలో ఏం చూశానో, పాత అలవాటు నోట్లోంచి జారింది. వద్దన్నాను. ఆవిడ కదల్లేదు. "వేడిగా ఉంది" అంది. నవ్వి వద్దన్నాను. "నువ్వు సన్నగా ఉన్నావు" అంటూ రెండు ముక్కలు తీసి ప్లేటు అంచున పెట్టింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను, వేళ్ళ మధ్య సందుతో.

నాకు నిజంగానే నవ్వొచ్చింది. భూగోళానికి ఈ చివర, ఇటలీ నుంచి వచ్చిన ముసలావిడకి మా అమ్మమ్మ పాఠం ఎవరు చెప్పారు?

ఆ తరువాత అది మా ఇద్దరి ఆటైపోయింది. ఆవిడ అడగడం, నేను వద్దనడం, మూడోసారి బుట్ట దిగడం. ఆ బ్రెడ్‌తో ప్లేటులో మిగిలిన సాస్ తుడుచుకు తినాలని ఆవిడే చూపించింది. చారు గిన్నె అడుగు తుడుచుకు తినే జాతికి ఇది నేర్పాలా. అలవాటుకొద్దీ ఆవిడని ఆంటీ అని పిలిచాను. "నేను ఎవరికి ఆంటీని?" అంది. మా దగ్గర పెద్దవాళ్ళందరూ ఆంటీలేనన్నాను. బాగుందన్నట్టు నవ్వి, ఆ రోజునుంచి ఆ పిలుపుకి పలికింది.

టేబుల్ మీద వేసే కాగితానికి ఇటలీ మ్యాప్ అచ్చువేసి ఉండేది. బూటులాంటి ఆ దేశంలో బొటనవేలి దగ్గర వేలు పెట్టి, మా ఊరు ఇక్కడ అంది. పెళ్ళి చేసుకుని ఓడెక్కి వచ్చిందట, ఇరవై ఏళ్ళప్పుడు. భర్త పోయి ఐదేళ్ళయింది. కొడుకు పెర్త్‌లో ఉంటాడు. నేను కాగితం వెనక మన తీరం గీసి, గుంటూరు దగ్గర ఒక చుక్క పెట్టాను. ఆవిడ ఆ చుక్కని చూసి తల ఊపిందే కానీ, అక్కడ ఎవరున్నారని అడగలేదు. మీవారు ఎప్పుడొస్తారని అడగలేదు. నా వేలికి ఉంగరం లేకపోవడం చూసే ఉంటుంది. సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా, మూడు నెలలకి పైగా, వారంలో ఒక గంట నన్ను ఎవరూ ఏమీ అడగని చోట, అడిగితే తిండి గురించే అడిగే చోట కూర్చున్నాను. మిగతా వారమంతా ఆ గంటకోసం ఆగేదాన్ని. ఇది చెప్పుకోవడానికి అప్పుడు సిగ్గేసేది, ఇప్పుడు వేయడంలేదు.

క్రిస్మస్‌కి ముందు వారం శుక్రవారం. వేసవి కాబట్టి ఆరున్నరకి కూడా ఎండ చురుక్కుమంటోంది. నేను తినడం ముగిస్తుండగా ఆవిడ వచ్చి ఎదుటి కుర్చీలో కూర్చుంది. అంతకుముందు ఎప్పుడూ కూర్చోలేదు.

"వచ్చే శుక్రవారం తియ్యను. జనవరిలో రెండో వారం తీస్తాను" అంది.

"సరే ఆంటీ."

"క్రిస్మస్ రోజు నేను ఇక్కడే వండుతాను. పెద్ద పొయ్యి ఇక్కడుంది కదా. నువ్వు రా. ఒంటిగంటకి."

 ఆ దేశం వచ్చిన ఎనిమిది నెలల్లో, లాయరు నంబర్ చేతిలో పెట్టకుండా నన్ను భోజనానికి పిలిచిన మొదటి మనిషి. సంతోషం ఎంత పెద్దదైతే మొహమాటం అంత పెద్దదవుతుంది. "వద్దు ఆంటీ, మీకెందుకు శ్రమ" అన్నాను. అక్కడితో ఆగితే బాగుండేది. పండగ రోజు కూడా దిక్కులేనిదాన్ని అనుకుంటుందేమోనని భయం వేసి, "నాకు ఫ్రెండ్స్ వస్తున్నారు" అని కలిపాను. నాకు ఏ ఫ్రెండ్సూ లేరు.

ఆవిడ నా మొహం వంక చూసి చిన్నగా నవ్వింది. "సరే" అని టేబుల్ మీద వేళ్ళతో రెండుసార్లు తట్టి లేచింది. డబ్బు కట్టేటప్పుడు రెండోసారి అడుగుతుందని చూశాను. అడగలేదు. తలుపు దగ్గర అడుగుతుందనుకున్నాను. "హ్యాపీ క్రిస్మస్" అంది. ఆ నవ్వు చూసి, మర్యాదకి పిలిచింది, నేను రాననేసరికి బరువు దిగింది అనుకున్నాను. ఆ దేశపు కివీలతో ఉండి ఉండి ఆవిడా కివీ అయిపోయిందని దారిపొడుగునా మనసులో తిట్టుకున్నాను.

క్రిస్మస్ రోజు ఆ దేశంలో ఏదీ తెరవరు. డెయిరీ మూసి ఉంది. రోడ్డు మీద కుక్క కూడా లేదు. పక్కింటి పెరట్లో మాంసం కాలుస్తున్న వాసన, పిల్లల కేకలు. నేను అన్నం వండి, పోపు వేసుకోవడానికి ఓపిక లేక పొయ్యి కట్టేశాను. పన్నెండున్నరకి కాసేపు నడిచొద్దామని బయలుదేరాను. నడకే అని నాకు నేను గట్టిగా చెప్పుకున్నాను. కాళ్ళు మాత్రం స్టేషన్ దారి పట్టాయి. మంచి చీర కట్టుకుని ఎవరూ నడకకి వెళ్ళరన్న సంగతి అప్పుడు గుర్తురాలేదు.

రెస్టారెంట్‌కి ఎదురుగా రోడ్డుకి ఇవతల బస్ షెల్టర్ ఉంది. అక్కడ నిలబడ్డాను. తలుపుకి "క్లోజ్డ్" బోర్డు తగిలించి ఉంది. అద్దంలోంచి లోపల కనిపిస్తోంది. నేను కూర్చునే కిటికీ టేబుల్ మీద తెల్లటి గుడ్డ పరిచి ఉంది. రెండు ప్లేట్లు, రెండు గ్లాసులు. ఆవిడ నల్ల స్వెట్టర్ తీసేసి నీలం గౌను వేసుకుంది. వంటగదిలోంచి ఏదో గిన్నె తెచ్చి టేబుల్ మీద పెట్టి, గోడ గడియారం వంక చూసి, కూర్చుంది. రోడ్డుకి వీపు పెట్టి కూర్చుంది కాబట్టి నన్ను చూడలేదు.

కొడుకు పెర్త్ నుంచి వచ్చాడు కాబోలు, చేతులు కడుక్కోవడానికి వెళ్ళి ఉంటాడు అనుకున్నాను. నా టేబులే ఎందుకంటే, వెలుతురు అక్కడే బాగుంటుంది కదా. పది నిమిషాలు చూశాను. ఎవరూ రాలేదు. కొడుకు కాకపోతే, పోయిన భర్త కోసం పెట్టిన ప్లేటేమో. మనలో లేదూ, పెద్దలకి పెట్టడం. ఇలా రెండు కారణాలు దొరికాక నాకు ధైర్యం ఇంకా పోయింది. పిలవని పేరంటానికి వెళ్ళడం సిగ్గు. పిలిస్తే రానని చెప్పి, రాని ఫ్రెండ్స్‌ని సృష్టించి, ఇప్పుడు పట్టుచీరలో తలుపు కొట్టడం ఇంకెంత సిగ్గు. ఫ్రెండ్స్ ఏరని అడిగితే ఏం చెప్పను?

రోడ్డు వెడల్పు ఎంతనుకున్నారు, ఇరవై అడుగులు. దాటలేకపోయాను. ఇంటికెళ్ళి చీర మడతపెట్టి, అన్నంలో పెరుగు కలుపుకు తిన్నాను.

జనవరి రెండో వారం శుక్రవారం, రైలు దిగి ముందు పాలకోసం డెయిరీకి వెళ్ళాను. గుజరాతీ ఆయన పాల సీసా సంచీలో పెడుతూ హిందీలో అడిగాడు.

"పెరుగు బాగుందా బెహన్? అది కొంచెం పుల్లటి కంపెనీ."

"ఏ పెరుగు?"

"క్రిస్మస్ ముందురోజు పక్కావిడ వచ్చి కొనుక్కుంది. తీపి లేనిది కావాలి, ఇండియావాళ్ళు భోజనం చివర తినేది అంది. ఏయే మాంసాలు తినరో కూడా అడిగింది. ఎవరో ఇండియన్ అమ్మాయి భోజనానికి వస్తుందట. మీరే అనుకున్నాను."

"నేను రానని చెప్పానే" అన్నాను.

"అదీ చెప్పింది. రానందట. 'ఆ అమ్మాయి వద్దంటే కావాలనే అర్థం' అని నవ్వింది. మీ ఇద్దరికీ అదేదో అలవాటట కదా."

పాల సీసా తీసుకుని బయటికొచ్చి, ఆ రెండు తలుపుల మధ్య నిలబడ్డాను. పెరుగు ఏ పూట తింటారో తెలియని మనిషి, పెరుగు కొని పెట్టుకుని, గడియారం చూసుకుంటూ కూర్చుంది. నేనేమో ఇరవై అడుగుల దూరంలో నిలబడి, ఆ ప్లేటు చనిపోయినాయనకి అంటగట్టాను. ఆవిడ రెండోసారి అడగకపోవడం పట్టనితనం కాదు. నా భాష నేర్చుకున్నానన్న ధీమా.

లోపలికి వెళ్ళాను. చెప్పేద్దామనే వెళ్ళాను. ఫ్రెండ్స్ ఎవరూ లేరు, ఎదురుగా షెల్టర్‌లో నిలబడి మిమ్మల్ని చూశాను, దాటలేక వెళ్ళిపోయాను అని మాటలు పేర్చుకునే వెళ్ళాను. సెలవులు అయిపోయాయేమో, ఆ రోజు అన్ని టేబుళ్ళూ నిండాయి. ఆవిడ నా దగ్గరికొచ్చి మామూలుగానే పలకరించింది. నల్ల స్వెట్టర్.

"పండగ బాగా జరిగిందా? ఫ్రెండ్స్ వచ్చారా?"

అదే సందు. ఈసారి ఆవిడే చెయ్యి అడ్డం పెట్టినట్టు, వేళ్ళ మధ్య నాకోసం ఉంచిన సందు. వస్తే నిజం అందులోంచే రావాలి. చుట్టూ జనం. నా ఒంటరితనం ఒక్కటే అయితే చెప్పేదాన్నేమో. ఆవిడని అలా కూర్చోబెట్టి చూస్తూ వెళ్ళిపోయానని ఎలా చెప్పను?

"వచ్చారు ఆంటీ. బాగా జరిగింది" అన్నాను.

"మంచిది" అంది. నిజంగానే అంది, వెటకారం లేదు. వంకాయ తెచ్చి పెట్టింది. కాసేపటికి బ్రెడ్ బుట్ట పట్టుకుని నా టేబుల్ దగ్గర ఆగింది.

"బ్రెడ్ కావాలా?"

"వద్దు ఆంటీ" అంది నా నోరు, అలవాటుగా.

"సరే" అని పక్క టేబుల్‌కి వెళ్ళింది. అక్కడివాళ్ళు రెండు ముక్కలు తీసుకున్నారు. నా ప్లేటులో సాస్ అలాగే మిగిలిపోయింది.

ఆ తరువాత శుక్రవారం ఆవిడ అడగకముందే నేనే బ్రెడ్ కావాలన్నాను. వెంటనే తెచ్చి ఇచ్చింది. మరుసటి ఏడాది ఆక్లండ్‌లో ఉద్యోగం దొరికి అక్కడి మౌంట్ రాస్కిల్‌కి మారేదాకా అలాగే జరిగింది, నేను అడగడం, ఆవిడ తేవడం. ఎప్పుడూ లేదనలేదు, ఎప్పుడూ మొహం ముడుచుకోలేదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు మనవాళ్ళు. వద్దంటున్నా పెట్టిన మనిషి ఆ దేశంలో నాకు ఒక్కతే దొరికింది. నా మాట నమ్మడం ఆవిడకి నేనే నేర్పాను.